ప్రజల ఆనందం ప్రభుత్వ లక్ష్యం కాగలదా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరు 13న విజయవాడలో 'స్వర్ణాంధ్ర 2047' అనే దార్శనిక పత్రాన్ని విడుదల చేసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్ళు నిండేనాటికి రాష్ట్ర ప్రజలు సంపదతో, ఆరోగ్యంతో, ఆనందంతో జీవించాలన్నది ఆ పత్రం చాటిన ధ్యేయం. అప్పటికి రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ 2.4 లక్షల కోట్ల డాలర్లకు, తలసరి ఆదాయం 42 వేల డాలర్లకు చేరాలని అందులో లక్ష్యాలు ఉన్నాయి. దారిద్ర్య నిర్మూలన, ఉపాధి, నీటి భద్రత మొదలైన పది సూత్రాలూ ఉన్నాయి. సంపదను గూర్చి చెప్పటానికి ఆర్థికవేత్తలున్నారు. ఆరోగ్యాన్ని గూర్చి చెప్పటానికి వైద్యులున్నారు. మూడవదైన ఆనందాన్ని గూర్చి మాట్లాడే హక్కు ధార్మిక విద్య చదివినవారికి కూడా కొంత ఉన్నది. ఆ హక్కుతోనే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. ఈ వ్యాసం ఏ పార్టీనీ ఉద్దేశించినది కాదు. పాలకులు ప్రజల మేలు కోరటం తప్పని ఏ ముస్లిమూ అనడు. మన ప్రశ్న ఒక్కటే. మనిషి గుండెలోని ఆనందాన్ని ప్రభుత్వం తన లక్ష్యంగా పెట్టుకుని, దాన్ని కొలిచి, ఆ కొలతను తన విజయంగా చూపుకోవచ్చునా? చూపుకుంటే నష్టపోయేది ఎవరు?

మాట ఎక్కడ పుట్టింది?

భూటాన్ రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1972లో సింహాసనం ఎక్కాడు. స్థూల జాతీయోత్పత్తి కంటె స్థూల జాతీయానందం ముఖ్యమన్న మాట ఆ దశాబ్దంలోనే ఆయన నోట వెలువడి ప్రపంచమంతటా పాకింది. 2011 జూలై 19న ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ఆనందాన్ని అభివృద్ధి విధానాల్లో పరిగణించవలసిందిగా సభ్య దేశాలను కోరుతూ తీర్మానించింది. 2012లో మొదటి ప్రపంచ ఆనంద నివేదిక వచ్చింది. మార్చి 20ని అంతర్జాతీయ ఆనంద దినంగా నిర్ణయించినదీ ఆ ఏడే. 2016లో ఐక్య అరబ్ ఎమిరేట్లు ఆనందానికి ఒక మంత్రిని నియమించగా, అదే సంవత్సరం మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆనంద శాఖను నెలకొల్పింది. మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 10 నుంచి 12 వరకు అమరావతి పేరిట 'హ్యాపీ సిటీస్ సమ్మిట్' జరిగింది. ఆనంద సూచిక అన్న మాట ఆ రోజుల్లో అధికారుల సమీక్షల్లో తరచు వినిపించేది. 2019లో ప్రభుత్వం మారగానే వెనుకబడి, 2024లో మళ్ళీ ముందుకు వచ్చింది.

ఈ ఆలోచనలో మంచి లేదనటం అన్యాయం. ఉత్పత్తి లెక్కలకు కళ్ళు లేవన్నది నిజం. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ నుంచి సున్నం అమ్ముడుపోతే అది రాష్ట్ర ఆదాయంలో చేరుతుంది. ఆ బట్టీ దగ్గర పనిచేసిన కూలీ దగ్గుకు మందు కొంటే అదీ ఆదాయంలోనే చేరుతుంది. అతడు కోల్పోయిన ఊపిరి మాత్రం ఏ లెక్కలోనూ చేరదు. ఈ లోపాన్ని ఎత్తి చూపినందుకు భూటాన్ రాజుకు ప్రపంచం ఋణపడి ఉన్నది. అయితే రోగాన్ని సరిగా గుర్తించిన వైద్యుడు ఇచ్చే మందు కూడా సరిగానే ఉంటుందన్న నియమం లేదు.

పదాల దగ్గరే పేచీ

అనువాదకునికి ఈ పేచీ మొదటి పేజీలోనే ఎదురవుతుంది. ఇంగ్లీషులో 'హ్యాపీనెస్' అన్న ఒక్క మాటకు తెలుగులో సుఖం, సంతోషం, ఆనందం, సంతృప్తి అని నాలుగైదు మాటలు నిలబడతాయి. ఒకదాని స్థానంలో మరొకటి కూర్చోదు. సుఖం శరీరానికి చెందినది. సంతోషం సందర్భానికి చెందినది. సంతృప్తి పొట్టకూ చెందుతుంది, మనసుకూ చెందుతుంది. ఇక ఆనందం అన్న మాటను మన దేశంలోని వేదాంతులు ప్రభుత్వాల చేతికి అందనంత ఎత్తున పెట్టారు.

అరబీలో ఈ తేడా ఇంకా నిశితం. దివ్యఖుర్‌ఆన్ 'ఫరహ్' అనే మాటను రెండు విధాలా వాడింది. ఖారూను తన ఖజానాలు చూసుకుని పొంగిపోయినప్పుడు అతని జాతివారు వద్దని వారించిన పొంగు ఫరహ్ (28:76). దైవానుగ్రహానికి, కారుణ్యానికి విశ్వాసులు సంతోషించవలసినదీ ఫరహే (10:58). అంటే ఉల్లాసం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది దేని మీద నిలబడిందన్నదే ప్రశ్న. హృదయానికి కలిగే నెమ్మదిని 'ఇత్మీనాన్' అన్నారు. దాన్ని దైవస్మరణతో ముడిపెట్టారు (13:28). సత్కార్యాలు చేసే విశ్వాసికి, పురుషుడైనా స్త్రీ అయినా, వాగ్దానం చేయబడినది 'హయాతె తయ్యిబా', పరిశుద్ధమైన జీవితం (16:97). 'సఆదత్' అసలు తేలేది ప్రళయదినాన (11:105). మనం రోజూ అయిదు పూటలా వినే అజాన్‌లో ముఅజ్జిన్ పిలిచేది 'ఫలాహ్' వైపు. దాన్ని మన తెలుగు అనువాదకులు సాఫల్యం అన్నారు. ఆ మాట అరబీలో నేల దున్నటానికి వాడే మాటకు చుట్టం. రైతును 'ఫల్లాహ్' అంటారు. దున్ని, విత్తి, కాచుకున్నవాడికి చివరికి దక్కేది ఫలాహ్. పల్నాటి రైతుకు ఈ అర్థం వివరించి చెప్పనక్కరలేదు.

వీటిలో దేనిని జిల్లా కలెక్టరు గారు నెలవారీ నివేదికలో పంపగలరు? ఇత్మీనాన్‌ను పంపలేరు. సఆదత్‌ను అసలే పంపలేరు. పంపగలిగినది ఆ పూటకు ఒక మనిషి నోట వచ్చిన జవాబును మాత్రమే.

పది మెట్ల నిచ్చెన

ఆ జవాబును రాబట్టే పద్ధతి ప్రసిద్ధమైనదే. హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా పరిశోధకుడు 1965లో ప్రచురించిన పద్ధతి అది. ఒక నిచ్చెనను ఊహించుకోమంటారు. అడుగున సున్న, పైన పది. పైమెట్టు మీకు సాధ్యమైన అత్యుత్తమ జీవితం, అడుగుమెట్టు అతి హీనమైన జీవితం. మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు? ప్రపంచ ఆనంద నివేదిక దేశాలకు ఇచ్చే స్థానాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుల సగటు మీద ఆధారపడినవే. 2025 నివేదికలో 147 దేశాలలో భారతదేశానిది 118వ స్థానం.

ఇలాంటి ప్రశ్నావళి ఒకటి తెలుగు చేసే పని నాకూ ఒకసారి తగిలింది. మాటలు జనానికి అర్థమవుతున్నాయో లేదో చూద్దామని గురజాల ప్రాంతంలో మిరపకాయ కోతలకు వెళ్ళే ఒక పెద్దావిడను అడిగాను. నిచ్చెన బొమ్మ చూపి, "ఖాలా, మీరు ఏ మెట్టు మీద ఉన్నారనుకుంటారు?" అన్నాను. ఆమె వెంటనే, "అల్ హమ్దులిల్లాహ్, ఎనిమిది అని రాసుకో మౌల్సాబ్" అన్నది. రాసుకున్నాను. కాగితం మడుస్తుంటే, "ఇది ఎవరికి పోతది?" అని అడిగింది. సర్కారుకు పోవచ్చునన్నాను. ఆమె నవ్వి, "సర్కారుకా? అట్టయితే మోకాళ్ళ సంగతి కూడా రాయి. మెట్లెక్కమంటారు, మోకాళ్ళేవీ? ట్యాంకరు వారానికి ఒకసారి వస్తదని కూడా రాయి" అన్నది. కాగితంలో మోకాళ్ళకు చోటు లేదు, ట్యాంకరుకూ చోటు లేదు. ఎనిమిది అన్న అంకె ఒక్కటే మిగిలింది.

ఈ చిన్న సంఘటనలోనే మొత్తం సమస్య ఉన్నది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ ఎనిమిది ఆమె ఈమాన్‌కు కొలత. విశ్వాసి వ్యవహారం విచిత్రమైనదనీ, మేలు కలిగితే కృతజ్ఞత చూపి లాభపడతాడనీ, కష్టం కలిగితే సహనం వహించి లాభపడతాడనీ దైవప్రవక్త (స) సెలవిచ్చిన భావం సహీ ముస్లింలో ఉన్నది. మనకన్న పైవానిని కాక కిందివానిని చూడమని కూడా ఆయన (స) బోధించారు. ఆ బోధ ఆ తల్లి రక్తంలో ఇంకిపోయింది. చిన్ననాటి నుంచి 'ఎలా ఉన్నారు' అన్న ప్రశ్నకు దైవస్తోత్రంతో తప్ప జవాబు చెప్పి ఎరుగదు. అలాంటి మనిషి చెప్పిన ఎనిమిదిని ప్రభుత్వం తన ఖాతాలో జమ కట్టుకుంటే ఏమవుతుంది? ఆమె సహనం పాలకుని సమర్థతగా మారిపోతుంది. ఆమె తన ప్రభువుకు సమర్పించుకున్న షుక్ర్‌ను మధ్యలో మరొకడు తన పేరున రసీదు రాసుకున్నట్టు అవుతుంది.

ఇది ముస్లింలకు మాత్రమే చెందిన విషయం కాదు. మన పల్లెల్లో ఏ మతం వారైనా "ఏదో, దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం" అనటం మర్యాద. కష్టాలు ఏకరువు పెట్టుకోవటం చిన్నతనంగా భావిస్తారు. అలవాటుపడిన లేమి లేమిలాగా కనబడదని ఆర్థికవేత్త అమర్త్య సేన్ కూడా చాలాకాలంగా హెచ్చరిస్తూ వచ్చారు. ఆశ చచ్చినవాడు తక్కువతో తృప్తి పడతాడు. ఆశ పుట్టినవాడు ఎక్కువ ఉన్నా అసంతృప్తి చెందుతాడు. చదువుకుని ఉద్యోగం రాని యువకుడు నాలుగో మెట్టు అంటాడు. నలభై ఏళ్ళుగా కూలికి వెళ్తున్న అతని తల్లి ఎనిమిది అంటుంది. ఈ సగటు చూసి విధానాలు రూపొందిస్తే ఎవరికి న్యాయం జరుగుతుంది?

ఇక్కడ ధర్మశాస్త్రం నేర్పే మూలసూత్రం ఒకటి మరువరాదు. సబర్ చేయమన్న ఆజ్ఞ బాధితునికి. న్యాయం చేయమన్న ఆజ్ఞ అధికారం ఉన్నవానికి. ప్రతి ఒక్కరూ కాపరులేననీ, తమ మందను గూర్చి ప్రశ్నించబడతారనీ చెప్పే హదీసు పాలకుని పేరు ముందుగా చెప్పింది. ఒకరికి వచ్చిన ఆజ్ఞను చూపి మరొకరు తమకు వచ్చిన ఆజ్ఞ నుంచి తప్పించుకోరాదు.

పొయ్యి మీది కుండ

హజ్రత్ ఉమర్ (రజి) గారి చరిత్రలో అందరికీ తెలిసిన ఒక ఘట్టాన్ని ఈ కోణం నుంచి మళ్ళీ చూడాలి. మదీనా వెలుపల రాత్రివేళ ఒక స్త్రీ పొయ్యి మీద కుండ పెట్టి కూర్చున్నది. చుట్టూ పిల్లలు ఏడుస్తున్నారు. కుండలో ఉన్నవి వట్టి నీళ్ళు. ఏదో ఉడుకుతున్నదని నమ్మి పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోవాలని ఆ తల్లి ఉపాయం. తనతో మాట్లాడుతున్నది ఖలీఫా అని తెలియక ఆమె ఉమర్ మీదనే ఫిర్యాదు చేసింది. మా మీద పాలన చేస్తూ మమ్మల్ని పట్టించుకోడన్నది. ఆయన బైతుల్ మాల్‌కు వెళ్ళి పిండి బస్తా తన వీపు మీదనే వేసుకుని వచ్చారు. సేవకుడు మోస్తానంటే, రేపు ప్రళయదినాన నా బరువు నువ్వు మోస్తావా అని అడిగారు. వంట అయ్యి, పిల్లలు తిని, నవ్వుతూ ఆడుకునేదాకా అక్కడినుంచి కదలలేదు.

ఆ రాత్రి ఖలీఫా ఒక గంట ఆలస్యంగా వచ్చివుంటే ఏమి చూసేవారు? నిద్రపోతున్న పిల్లల్ని, నిశ్శబ్దంగా ఉన్న గుడారాన్ని చూసేవారు. ఏడుపు వినిపించేది కాదు. అక్కడ ఎవరైనా ప్రశాంతతను లెక్కించివుంటే ఆ గుడారానికి మంచి అంకె వచ్చేది. ఉమర్ (రజి) ఏడుపు విని ఆగారు. ఆగినవారు ఆమె మనసును కాదు, కుండలో ఏమున్నదో అడిగారు. కథ చివర పిల్లల నవ్వు ఉన్నమాట నిజమే. ఆనందానికి ఇస్లాం శత్రువు కాదు. కాని ఆ నవ్వు పిండి బస్తా వెనుక వచ్చింది. నవ్వును నేరుగా లక్ష్యంగా పెట్టుకున్నవాడికి కుండలో నీళ్ళు కూడా చాలు.

ఫారాబీ ఏమన్నాడు?

ఇక్కడ చదువుకున్న పాఠకుడు ఒక ఆక్షేపణ తీసుకురావచ్చు. సఆదత్‌ను రాజ్యానికి పరమలక్ష్యంగా ప్రతిపాదించినవారు మన తత్వవేత్తలే కదా? అబూ నస్ర్ ఫారాబీ (మరణం క్రీ.శ. 950) 'తహ్సీలుస్ సఆదా' అన్న పేరుతోనే ఒక గ్రంథం రాశాడు కదా? గజాలీ (రహ్మ) 'కీమియాయె సఆదత్' రాయలేదా?

రాశారు. కాని ఫారాబీ తన 'ఆదర్శనగర ప్రజల అభిప్రాయాలు' అన్న గ్రంథంలో ఆదర్శనగరానికి ఎదురుగా అజ్ఞాన నగరాలను వర్ణించాడు. ఆ నగరవాసులకు నిజమైన సఆదత్ ఏమిటో తెలియదు. పైకి మేలుగా కనిపించే కొన్నిటినే వారు జీవితధ్యేయంగా పెట్టుకుంటారు. అవేమిటంటే శరీరారోగ్యం, సంపద, సుఖానుభవం, కోరినట్టు బ్రతికే స్వేచ్ఛ, నలుగురిలో గౌరవం. మన దార్శనిక పత్రం చెప్పిన మూడు మాటలను ఈ జాబితా పక్కన పెట్టి చూడండి. వెయ్యేళ్ళ క్రితం డమాస్కస్‌లో, బాగ్దాదులో తిరిగిన తత్వవేత్త ఈ విషయాన్ని ముందే ఆలోచించి పెట్టాడు. ఆరోగ్యం, సంపద అక్కరలేనివని ఆయన భావం కాదు. వాటినే సఆదత్ అని పిలవటం పొరపాటని ఆయన వాదం. గజాలీ (రహ్మ) రసవాదం సంగతి అంటారా, అది ఒక్కొక్క మనిషి తన నఫ్స్ మీద తాను చేసుకునే పని. ఆ కొలిమి దగ్గర తహసీల్దారుకు పని లేదు.

అదే గజాలీ (రహ్మ) పాలనను, చట్టాన్ని గూర్చి రాసేటప్పుడు మరొక పదం వాడారు. అది 'మస్లహత్', ప్రజాక్షేమం. ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, ఆస్తి అనే అయిదింటిని కాపాడటమే షరీఅత్ ఉద్దేశమని 'అల్ ముస్తస్ఫా'లో నిర్ధారించారు. అందలూసియా పండితుడు షాతిబీ (మరణం 1388) దీన్ని విస్తరించి అత్యవసరాలు, అవసరాలు, సొగసులు అని మూడు అంతస్తులు కట్టారు. మొదటిది నిలబడకుండా మూడవదాన్ని అలంకరించటం తగదన్నారు. ప్రజల పట్ల పాలకుని చర్య మస్లహత్‌కు బద్ధమై ఉండాలన్న సూత్రం ఉస్మానియా సామ్రాజ్యపు శాసన సంహిత 'మజల్లా'లో 58వ నిబంధనగా నిలిచింది. మనసు మనిషిది, క్షేమం పాలకునిది. మన పండితులు చేసిన ఈ పని విభజనలో ఎంతో వివేకం ఉన్నది.

భారత రాజ్యాంగం కూడా ఈ విషయంలో జాగ్రత్తగానే మాట్లాడింది. పీఠికలో న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఉన్నాయి. మొదటి స్థానం న్యాయానిది. ఆనందం అన్న మాట లేదు. 38వ అధికరణం ప్రజాక్షేమాన్ని పెంపొందించే సాంఘిక వ్యవస్థను రాజ్యం నెలకొల్పాలన్నది. భూటాన్ రాజ్యాంగం సైతం 9వ అధికరణంలో, జాతీయానందాన్ని అన్వేషించటానికి వీలు కల్పించే పరిస్థితులను ప్రోత్సహించాలని మాత్రమే చెప్పింది. అనుకరించినవారు పరిస్థితులను వదలి ఆనందాన్ని పట్టుకున్నారు.

అడగవలసిన ప్రశ్నలు

అయితే పాలకుడు ఏమి అడగాలి? సూరా ఖురైష్‌లో అల్లాహ్ తన అనుగ్రహాన్ని జ్ఞాపకం చేసేటప్పుడు రెండింటిని పేర్కొన్నాడు. ఆకలినుంచి కాపాడి అన్నం పెట్టటం, భయంనుంచి కాపాడి శాంతినివ్వటం. ఈ రెండు కొలబద్దలతో పల్నాడును చూద్దాం.

ఆకలి అంటే ఇక్కడ నీళ్ళే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీరు వదిలారు. ఆ ఆనకట్ట కుడిగట్టు ఉన్నది మాచర్ల పక్కనే. కాలువ కింద పొలాలు పండాయి. కాలువకు ఎత్తున ఉన్న వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టప్రాంతాలు దాన్ని చూస్తూ దాహంతో ఉండిపోయాయి. ఆ నేల కోసం తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన జరిగింది. అక్కడి రైతును ఏ మెట్టు మీద ఉన్నావని అడగనక్కరలేదు. నీళ్ళు ఎప్పుడు వస్తాయో అతడే మనల్ని అడుగుతాడు.

తరువాత కౌలు. పల్నాడులో మిరప, పత్తి పండించేవారిలో చాలామందికి సొంత భూమి లేదు. పంట వచ్చినా రాకపోయినా ఎకరానికి ఇంత అని ముందే కౌలు చెల్లించాలి. 2021-22లో నల్ల తామర పురుగు మిరపతోటలను తుడిచిపెట్టినా కౌలు తగ్గలేదు. 2025 ఆరంభంలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చినప్పుడూ కౌలు తగ్గలేదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు కార్డు ఇస్తారు, కాని దానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరకనివాడు బ్యాంకు గుమ్మం ఎక్కలేక వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతాడు.

పన్నెండు వందల ఏళ్ళ క్రితం ఇమాం అబూ యూసుఫ్ (మరణం 798) ఇదే సమస్యను ఎదుర్కొన్నారు. హారూన్ రషీద్ కోరిక మీద రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో, భూమి విస్తీర్ణాన్ని బట్టి స్థిరంగా విధించే శిస్తు రైతులను చితికిస్తున్నదని చెప్పి, పండిన దానిలో వాటా తీసుకునే 'ముఖాసమా' పద్ధతిని సిఫారసు చేశారు. పండితే ఇద్దరికీ పండుతుంది, ఎండితే ఇద్దరికీ ఎండుతుంది. శిస్తు కోసం ఎవరినీ కొట్టరాదనీ, నిలబెట్టి బాధించరాదనీ కూడా ఖలీఫాకు తెగేసి చెప్పారు. ఆ గ్రంథంలో ప్రజల ఆనందానికి సూచిక లేదు. అయినా దానిలోని ఒక్క పుట అమలైతే ఎన్ని ఇళ్ళలో దీపం వెలుగుతుందో ఊహించవచ్చు. పల్నాటివారికీ ఇది తెలుసు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చినది పుల్లరి రద్దు కోసం. పశువుల మేతమీద వేసిన పన్ను అది.

రెండవది భయం. 2024 మే 13న పోలింగు రోజునా, ఆ తరువాతా పల్నాడులో చెలరేగిన హింస దేశమంతా చూసింది. 144వ సెక్షన్ విధించవలసి వచ్చింది. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది. ఓటు ఎవరికి వేశావన్న అనుమానం మీద ఊరు విడిచి పోవలసిన మనిషి ఉన్నచోట, ప్రభుత్వం తరఫున ఇంటికి వచ్చిన వ్యక్తి 'నువ్వు ఆనందంగా ఉన్నావా?' అంటే ఏమి జవాబు వస్తుంది? భయపడినవాడు పది అంటాడు.

సరైన ప్రశ్నలు ఎలా అడగాలో చూడాలంటే మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 2005లో నియమించబడి 2006 నవంబరులో నివేదిక సమర్పించిన సచర్ కమిటీ, దేశంలోని ముస్లింలు సంతోషంగా ఉన్నారా అని అడగలేదు. బడిలో ఎందరున్నారు, బ్యాంకు అప్పు ఎంత దక్కుతున్నది, ప్రభుత్వ కొలువుల్లో ఎందరున్నారు అని అడిగింది. ఆ అంకెలు పాలకులకు ఇబ్బంది కలిగించాయి, ఇంకా కలిగిస్తూనే ఉన్నాయి. ఆనందపు అంకెలు ఏ పాలకునికీ ఇబ్బంది కలిగించవు. తక్కువ వస్తే యోగాసనాలు, ఆటపాటలు ఏర్పాటు చేయవచ్చు. ఎక్కువ వస్తే ఫ్లెక్సీ కట్టవచ్చు.

లెక్కలో లేనివారు

ఇంకొక ప్రమాదం ఉన్నది. ఆనందాన్ని లెక్కించే ముందు 'ప్రజలు' ఎవరో తేల్చాలి. భూటాన్ ఈ విషయంలో ఉదాహరణే కాదు, గుణపాఠం కూడా. 1985 పౌరసత్వ చట్టం తరువాత, 1990 దశకం తొలి సంవత్సరాల్లో, ఆ దేశపు దక్షిణ భాగంలో నివసించిన నేపాలీ భాష మాట్లాడే ప్రజలు లక్షకు పైగా దేశం వదిలి నేపాలు శిబిరాలకు చేరవలసి వచ్చింది. ఆ తరువాత 2010లో, 2015లో, 2022లో తొమ్మిది రంగాలు, 33 సూచికలతో భూటాన్ జరిపిన ఆనంద సర్వేలను ప్రపంచం మెచ్చుకున్నది. శిబిరాల్లో ఉన్నవారిని, అక్కడినుంచి అమెరికాకు, ఇతర దేశాలకు చెదిరిపోయినవారిని ఏ మెట్టు మీద ఉన్నారని అడిగినవారు లేరు. దుఃఖంలో ఉన్నవారిని లెక్క నుంచి తీసివేస్తే సగటు ఎప్పుడూ బాగానే ఉంటుంది. న్యాయం విషయంలో ఈ వెసులుబాటు లేదు. అన్యాయానికి గురైనవాడు ఒక్కడు మిగిలినా లెక్క తప్పినట్టే. పీడితుని మొరకు, అల్లాహ్‌కు మధ్య తెర లేదన్న హదీసు సగటులను గుర్తించదు.

మన సంగతి

విమర్శ అక్కడితో ఆపితే అది సగం న్యాయమే అవుతుంది. 2025 మార్చి 30న ఉగాది నాడు రాష్ట్ర ప్రభుత్వం 'పి-4' కార్యక్రమం ప్రారంభించింది. కలిగినవారు 'మార్గదర్శులు'గా ముందుకొచ్చి, 'బంగారు కుటుంబాలు' అని పేరు పెట్టిన పేద కుటుంబాలకు చేయూతనివ్వాలని దాని ఉద్దేశం. దానగుణాన్ని ప్రోత్సహించటం మంచిదే. కాని దాత ఇష్టం మీద ఆధారపడినది సదఖా అవుతుంది, జకాత్ కాదు. సంపన్నుల ఆస్తిలో యాచకునికి, వంచితునికి నిర్ణయించబడిన హక్కు ఉన్నదని ఖుర్‌ఆన్ చెప్పింది (70:24-25). హక్కుదారునికి మార్గదర్శి అక్కరలేదు, అతని వాటా అతనికి చేరితే చాలు.

ఈ మాట ప్రభుత్వానికి చెప్పే ముందు మనం మన ఇంటిని చూసుకోవాలి. నరసరావుపేట అయినా, మాచర్ల అయినా, రమజాన్ చివరి పదిరోజుల్లో మన జకాత్ చిల్లర నోట్లుగా, చీరలుగా వీధుల్లో చెల్లాచెదురవుతున్నది. దానితో ఒక కౌలు రైతు వడ్డీ అప్పు తీరదు, ఒక పిల్లవాని చదువు పూర్తి కాదు. ఒక ఊరి జకాత్ అంతా ఒకచోట చేర్చి లెక్క రాసి పంచే ఏర్పాటు ఎన్ని మస్జిదులలో ఉన్నది? అంతకంటె పెద్ద తప్పు మరొకటి చేస్తున్నాం. మన ఖుత్బాలలో పేదవానికి సబర్ బోధిస్తాం. ముందు వరుసలో కూర్చున్న ధనికునికి అతని హక్కును గుర్తు చేయటానికి నోరు రాదు. బాధితుని సహనాన్ని తమ ఖాతాలో జమ కట్టుకునేవారు సచివాలయంలోనే ఉన్నారని ఎలా అనగలం? వారు మన మింబరు చుట్టూ కూడా ఉన్నారు.

ముగింపు

పల్నాటి బ్రహ్మనాయుడిని ఈ నేల ఎనిమిది వందల ఏళ్ళుగా తలుచుకుంటూ ఉన్నది. కారంపూడి యుద్ధం కోసం మాత్రమే కాదు, అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడు కోసం. ఆ చాప మీద కూర్చున్నవారి ఆనందం ఎంతో ఎవరూ లెక్క రాయలేదు. అన్నం అందిందన్నది, పక్కన కూర్చోనిచ్చారన్నది మాత్రం జనం మరవలేదు. జ్ఞాపకం ఉంచుకోదగిన పాలనకు గుర్తు అదే.

2047 దాకా గడువు ఉన్నది. ప్రభుత్వం తన పత్రంలోని పది సూత్రాలలో దారిద్ర్యాన్ని, నీటిని నిజంగా పట్టుకుంటే చాలు. మెట్టకు నీరు, కౌలుదారుకు సంతకం అక్కరలేని హక్కు, ఓటరుకు నిర్భయం, ఆ పెద్దావిడ మోకాళ్ళకు వైద్యం, వీటికి లెక్క చెప్పమని మనం అడగాలి. ఇవి కొలవదగినవి. కొలిచి తప్పు పట్టదగినవి. ఇవన్నీ చేసిన తరువాత ఆమె ఏ మెట్టు మీద ఉన్నదో అడగకపోయినా లోటు లేదు. ఆమె అప్పుడూ అల్ హమ్దులిల్లాహ్ అనే అంటుంది. ఆ మాట విని పాలకుడు సంతోషించవచ్చు. తన ఖాతాలో మాత్రం రాసుకోరాదు. ఆ ఖాతా మరొకరి దగ్గర ఉన్నది.

వల్లాహు ఆలం.